తక్కువ శ్రమ బల్లి కాదండీ అది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లో పెంచుకునే కొత్తరకం జంతువుల మీద రెండు పేజీల కథనం వేశారు కదా, అందులో లెపర్డ్ గెకో అనే బల్లి గురించి రాసిన ముక్క చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. కుక్కలాగా షికారుకు తిప్పక్కర్లేదు, పిల్లిలాగా సోఫాలు గీకదు, ఒక గాజు తొట్టె కొని అడుగున కాస్త ఇసుక పోసి రెండు రోజులకోసారి నాలుగు పురుగులు వేస్తే చాలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఇంతకంటే తక్కువ శ్రమ ఉన్న పెంపుడు జంతువు లేదు అని మీవాళ్లు రాశారు. రాసినవారు ఆ బల్లిని కనీసం ఒక వారమైనా దగ్గర పెట్టుకుని చూశారో లేదో గానీ, సరిగ్గా ఆ గాజు తొట్టె, ఆ ఇసుక, ఆ నాలుగు పురుగుల వల్లే చావు దాకా వెళ్లిన ఒక లెపర్డ్ గెకోని ఐదు నెలలు సాకి నిలబెట్టినదాన్ని నేను. అందుకని నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను. నాలుగంటే నాలుగే కావు లెండి, పొడుగే అవుతుంది.

మాది తెనాలి. సహకార బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. నవంబరు ఆఖర్లో ఆరు నెలలకని ఇక్కడికి వచ్చాను. మనవడికి ఇంత వండిపెట్టి, వాడి చేత కాస్త తెలుగు మాట్లాడించి పోదామని వచ్చాను గానీ బల్లికి పురుడు పోసినట్టు సేవ చేయడానికి కాదు. అసలు నాకు బల్లి అంటేనే ఒళ్లు జలదరిస్తుంది. తెనాలి ఇంట్లో వంటింటి తలుపు వెనక ఒక పాత చీపురు బల్లుల కోసమే ఉంటుంది. మీద పడితే తలస్నానం చేసి దీపం పెట్టి, పంచాంగం తీసి ఎక్కడ పడితే ఏ ఫలితమో చూసుకునే ఇంట్లో పుట్టాను. మా అమ్మ ఒకసారి కంచి వెళ్లి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వచ్చింది, ఇక ఆ తర్వాత మా వీధిలో ఎవరి మీద బల్లి పడినా "పిన్నిగారూ, ఒకసారి మీ చెయ్యి తాకనివ్వండి" అంటూ పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చేవాళ్లు. అలాంటి ఇంటి పిల్లని.

డిసెంబరు రెండో వారంలో ఈ వీధి చివర ఉండే కుటుంబం వేరే రాష్ట్రానికి మారిపోతూ సామాన్లు పంచిపెట్టింది. వాళ్ల అబ్బాయికి రెండేళ్ల కిందట పుట్టినరోజుకు కొనిచ్చిన బల్లట, ఆ పిల్లవాడికి మోజు తీరిపోయింది, ఎవరూ తీసుకోకపోతే తోటలో వదిలేస్తాం అన్నారట. డిసెంబరు చలిలో తోటలో వదలడమంటే ఏమిటో పదకొండేళ్ల మా మనవడికి తెలిసింది, వాళ్లకు తెలియలేదు. వాడు ఏడ్చి, మొండికేసి, తొట్టెతో సహా మోసుకొచ్చాడు. నేను మెట్ల మీదే నిలబడిపోయాను.

సాయంత్రం అందరూ పడుకున్నాక దగ్గరికి వెళ్లి చూశాను. జానెడు పొడుగు, పసుపు పచ్చని ఒంటి మీద నల్ల చుక్కలు. ఈ జాతికి తోక లావుగా, దుంపలాగా ఉండాలి, కొవ్వంతా అక్కడే దాచుకుంటుంది, తిండి లేని రోజుల్లో దాన్నే కరిగించుకుని బతుకుతుంది. దీని తోకేమో ఎండిన మిరపకాయ తొడిమలా ఉంది. నడుము దగ్గర ఎముకలు చర్మం కింద నుంచి లేచి కనిపిస్తున్నాయి. ఒక కన్ను ఎండిన చర్మంతో మూసుకుపోయింది. కాళ్లు ఆనించి లేవబోయి పొట్ట మీద పడిపోయింది, మళ్లీ లేవబోయింది, మళ్లీ పడింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం, ఆ రాత్రి నాకు నవ్వు రాలేదు. చుక్కలు చూసి చుక్కమ్మ అని పేరు పెట్టాను. వాళ్లు పెట్టిన పేరు ఏదో ఇంగ్లీషు మగపేరు, తీరా డాక్టరు చూస్తే ఆడపిల్ల.

ఇక్కడ పాముల్ని, తాబేళ్లని, చిలకల్ని చూసే డాక్టర్లు వేరే ఉంటారు. నలభై నిమిషాలు కారులో వెళ్లాం, టిఫిను డబ్బాలో టవల్ పరిచి, వేడినీళ్ల సీసా ఒక పక్కన పెట్టి, డబ్బా నా ఒళ్లో. డాక్టరమ్మ తూకం వేస్తే 27 గ్రాములు. ఎదిగిన ఆడ బల్లి 50, 60 గ్రాములైనా ఉండాలట. కింది దవడని వేలి కొసతో తాకి చూపించింది, రబ్బరులా వంగింది. కాల్షియం, డి3 విటమిన్ చాలక ఎముకలు మెత్తబడటం. ఎక్స్‌రేలో ఎముకలు మసగ్గా ఉన్నాయి గానీ పొట్టలో మాత్రం తెల్లగా మెరుస్తూ ఒక ముద్ద, అది ఇసుక. చర్మం కింద సెలైన్ ఎక్కించి, నోట్లో వేసే కాల్షియం మందు ఇచ్చి, పెంట పరీక్షకు శాంపిల్ తెమ్మని చెప్పి 430 డాలర్ల బిల్లు చేతిలో పెట్టారు. మా అల్లుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "అత్తయ్యా, షాపులో కొత్త బల్లి నలభై డాలర్లు" అన్నాడు మెల్లగా. "మొన్న కారుకి సొట్ట పడితే ఎంత పెట్టావు బాబూ" అన్నాను. ఇక ఆ సంగతి మళ్లీ రాలేదు.

అమ్మాయి, అల్లుడు ఆఫీసుకి, మనవడు స్కూలుకి. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ, అదీ. అలా పడింది ఈ నర్సు ఉద్యోగం నా మీద.

ఇప్పుడు మీ కథనంలో లేని అసలు విషయానికి వస్తాను. డాక్టరమ్మ ఒకే మాట మూడుసార్లు చెప్పింది: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. నీరసంగా ఉంది కదా అని మనం ముందు తిండి కుక్కుతాం, మనుషులకైనా అంతే చేస్తాం. బల్లికి అది ప్రాణం మీదికి తెస్తుంది. దాని ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు, బయట ఉన్న వేడే దాని వేడి. ఒళ్లు చల్లగా ఉంటే తిన్నది అరగదు, పొట్టలోనే కుళ్లుతుంది. ఈ ఇళ్లలో చలికాలం హీటర్ 21 డిగ్రీల దగ్గర పెట్టుకుంటారు, మనకు స్వెటర్ ఉంటే సరిపోతుంది, ఆ బల్లికి మాత్రం రెండేళ్లుగా ఫ్రిజ్ డోరులో కూర్చున్నట్టే. పాత తొట్టెలో వేడి కోసం ఒక ఎర్ర బల్బు ఉండేది, థర్మామీటరు స్టిక్కరు ఒకటి గాజుకు అంటించి ఉండేది, అంటే అది గాజు ఎంత వేడిగా ఉందో చెబుతుంది గానీ బల్లి పొట్ట ఆనే నేల సంగతి చెప్పదు. తొట్టెలో ఒక పక్క నేల 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి, రెండో పక్క 24, 25 ఉండాలి, ఎప్పుడు ఎటు వెళ్లాలో బల్లే చూసుకుంటుంది. తొట్టె కింద పెట్టే హీట్ మ్యాట్ ఉంటుంది, దానికి వేడి మితిమీరకుండా చూసే థర్మోస్టాట్ తప్పనిసరిగా ఉండాలి.

ఉండాలని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే జనవరిలో నేనే ఒక పాడు పని చేశాను. తొట్టె తుడుస్తూ థర్మోస్టాట్ వైరు కొసన వేడిని కొలిచే గింజలాంటిదాన్ని బయటికి లాగి, మళ్లీ లోపల పెట్టడం మరిచిపోయాను. అది బయట చల్లగాలిని చూసి లోపల చలిగా ఉందనుకుంది, మ్యాట్‌ని కాలుస్తూనే ఉంది. సాయంత్రం మా అమ్మాయి చెయ్యి పెట్టి "అమ్మా, ఇదేమిటి పెనంలా ఉంది" అని అరిచింది. చుక్కమ్మ తెలివైనది, రెండో పక్క మూలకు వెళ్లి గోడకి నెత్తి ఆనించి నిలబడి ఉంది. అంతకు పది రోజుల ముందైతే అది నడిచి అక్కడికి వెళ్లగలిగేది కాదు, పొట్ట కాలిపోయేది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. ముప్పై మూడేళ్లు బ్యాంకులో సాయంత్రం క్యాష్ తేడా రాకుండా చూసుకున్నదాన్ని, ఒక వైరు మరిచిపోయాను.

మా తెనాలి ట్యూబులైటు వెనక బల్లికి ఇవన్నీ ఎవరు ఏర్పాటు చేశారు అని చాలాసార్లు అనుకున్నాను. దానికి గోడ వేడి, దీపం వేడి, వెన్నెముక కరిగే మే నెల, దోమలు, ఉసిళ్లు అన్నీ ఉచితం, ఎవరూ పెంచరు గనక బాగుంటుంది. ఇక్కడ మనిషి గాజుపెట్టెలో పెట్టి మూత వేశాక దాని ఎండ, దాని వాన, దాని పురుగు అన్నీ ఆ మనిషే. అది తక్కువ శ్రమ ఎలా అవుతుందో మీవాళ్లే చెప్పాలి.

ఇసుక సంగతి. షాపుల్లో రంగురంగుల ప్యాకెట్లలో కాల్షియం ఇసుక అని అమ్ముతారు, తిన్నా అరుగుతుంది అని పైన రాసి ఉంటుంది. ఒంట్లో కాల్షియం తక్కువైన బల్లి ఆ ఇసుకని కావాలని నాకుతుంది, పురుగుని పట్టేటప్పుడు కూడా నోటి నిండా పోతుంది, లోపల సిమెంటులా గడ్డకడుతుంది. మీ ఫోటోలో బల్లి సరిగ్గా అలాంటి ఇసుక మీదే కూర్చుని ఉంది. మేము మొదటి రోజే అదంతా తీసిపారేసి వంటింటి పేపర్ టవల్ పరిచాం. అందంగా ఉండదు. కానీ అది ఎప్పుడు దొడ్డికి వెళ్లింది, ఏ రంగు, ఎంత గట్టి అన్నది కనిపిస్తుంది, జబ్బు మనిషి దగ్గర చూడాల్సింది అదే కదా.

రోజూ పొద్దున పదింటికి స్నానం. ఐస్‌క్రీమ్ డబ్బాలో దాని మోకాలి లోతు నీళ్లు, 30 డిగ్రీలు, పావుగంట. మనవడు పసిపిల్లవాడిగా ఉన్నప్పుడు మోచెయ్యి ముంచి చూసేదాన్ని, ఇప్పుడూ చెయ్యి అలాగే వెళ్లింది, ఆ తర్వాత థర్మామీటరు కూడా పెట్టాను. నీళ్లలో ఉండగా కొంచెం తాగుతుంది, పొట్టని వేలితో ముందు నుంచి వెనక్కి అతి మెల్లగా నిమిరితే లోపలిది కదులుతుంది. ఐదో రోజు ఆ ఇసుక ముద్ద బయటపడింది, చింతగింజలో సగం ఉంటుంది. నేను ఫోటో తీసి ఆఫీసులో మీటింగులో ఉన్న మా అమ్మాయికి పంపాను. ఆమె పక్కవాళ్లు కూడా చూశారట. చూడనీయండి.

అన్నిటికంటే ఓపిక పట్టించింది వేళ్లు. బల్లి కుబుసం విడుస్తుంది, ఆరోగ్యంగా ఉంటే ఒకే రోజులో తొడుగు విప్పినట్టు విప్పేసి దాన్ని తినేస్తుంది కూడా. గాలిలో తేమ లేకపోతే కొసల్లో ఆ చర్మం ఊడిరాదు, వేలి చుట్టూ ఉంగరంలా బిగుసుకుంటుంది, మరుసటిసారి దాని మీద ఇంకో పొర, ఆపైన ఇంకోటి, చివరికి రక్తం ఆడక వేలి కొస నల్లబడి రాలిపోతుంది. చుక్కమ్మ వేళ్ల మీద ఇలా మూడు నాలుగు పొరలు. స్నానం అయ్యాక టవల్‌లో చుట్టి తల మాత్రం బయట పెట్టి, కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్ల తడిపి ఒక్కో వేలి మీద గుండ్రంగా తిప్పేదాన్ని. లాగకూడదు. లాగితే వేలే వచ్చేస్తుంది. రోజుకు ఒకటి లేదా రెండు వేళ్లు, అంతకంటే పని జరగదు. మినప్పప్పు పొట్టు లాంటి పొర తడిసి తెల్లబడి, అంచు లేచి, చుట్టూ జారి, పుల్లకు అంటుకుని వచ్చేస్తుంది, కింద గులాబీ రంగులో గింజంత వేలు. ఇరవై వేళ్లలో పంతొమ్మిది దక్కాయి. ఎడమ వెనక కాలి చిటికెన వేలు కొస మేము చూసేటప్పటికే పోయింది. కంటి మీది పొర డాక్టరమ్మే తీసింది, దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దంది. ఆ తర్వాత తొట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాకి గుమ్మం కోసి లోపల తడి టవల్ పెట్టాం, చలి గది వేడి గది కాక ఇది మూడోది, తేమ గది. ఫిబ్రవరిలో చుక్కమ్మ మొదటిసారి మొత్తం కుబుసం దానంతటదే విడిచి, తిని, పైకి వచ్చి కూర్చుంది. కొత్త చీర కట్టుకున్నట్టే.

తిండి గురించి రాయడానికి సిగ్గేస్తోంది, మా ఇంట్లో కోడిగుడ్డు కూడా రాదు. మొదటి మూడు వారాలు మాంసాహార జంతువులకని డాక్టర్లు ఇచ్చే పొడి ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లలో జారుగా కలిపి, సూది లేని చిన్న సిరంజితో పెదవి మీద ఒక చుక్క పెడితే నాలుకతో నాకుతుంది, ఇంకో చుక్క, ఇంకో చుక్క. నోరు బలవంతంగా తెరవకూడదు, దవడ ముందే మెత్తగా ఉంది. పూటకి పది పన్నెండు చుక్కలు. ఆ తర్వాత పురుగులు మొదలయ్యాయి. పిండిపురుగుల డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాలి, బయట పెడితే అవి త్వరగా పెంకుపురుగులైపోతాయి. మా పెరుగు గిన్నె పక్కన ఆ డబ్బా చూసి రెండు రోజులు మజ్జిగ తాగలేదు నేను. తర్వాత అలవాటైపోయింది, మనిషికి అలవాటు కానిదంటూ లేదు. కీచురాళ్లకైతే ముందు రోజు క్యారెట్టు, ఆకుకూర వేసి వాటికి భోజనం పెట్టాలి, వాటి పొట్టలో ఏముంటే అదే బల్లికి అందుతుంది. వేసే ముందు కాల్షియం పొడిలో దొర్లించాలి, అరిసెలకి నువ్వులు అద్దినట్టు. తినకుండా మిగిలినవాటిని రాత్రికి ఏరేయాలి, లేకపోతే నీరసంగా పడుకున్న బల్లిని ఆ కీచురాళ్లే కొరుకుతాయి. నాలుగు పురుగులు చాలు అన్న మీ వాక్యం చదివి నాకు ఒళ్లు మండింది అందుకే.

పెంట పరీక్ష సంగతి మధ్యలో వదిలేశాను. ఇలా తోక సన్నబడి చిక్కిపోయే బల్లుల్లో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఉండొచ్చట, అదే అయితే నమ్మకంగా నయం చేసే మందు లేదట. ఫలితం రావడానికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు టెన్షన్‌తో ఏ పనీ తోచలేదు. మా మనవడు "అమ్మమ్మా, నువ్వు దేవుడికి చెప్పావా" అని అడిగాడు. చెప్పాను నాన్నా అన్నాను. బల్లి కోసం వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్న మొదటి తెనాలిదాన్ని నేనే అయ్యుంటాను, అయినా ఆయన కొండ మీదే, శేషాచలం రాతి నెర్రెల్లో బంగారు బల్లులు ఉంటాయి, చట్టం ప్రకారం వాటిని పట్టడానికే లేదు, కాబట్టి ఆయనకీ బల్లులు కొత్త కాదనుకున్నాను. అది లేదు, మామూలు నులిపురుగులే అని ఫోను వచ్చింది. మందు రెండు దఫాలు వేశాం.

బ్యాంకు బుద్ధి కదా, ఒక నోటుపుస్తకం పెట్టాను. ప్రతి ఆదివారం పొద్దున వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి సున్నా చేసి తూకం. 27, 27, 26, ఇక్కడ నేను ఏడ్చాను, 28, 28, 30. ఎక్కువ తొందరపడి తిండి పెంచొద్దని కూడా చెప్పారు, చాలా రోజులు ఆకలితో ఉన్న ఒంటికి ఒక్కసారిగా పెడితే అదీ ప్రమాదమేనట. మార్చి మూడో వారానికి 39. ఏప్రిల్లో ఒక రాత్రి నీళ్లు తాగుదామని కిందికి దిగితే చీకట్లో చిన్న చప్పుడు, చూస్తే చుక్కమ్మ తల వంచి, తోక కొసని పిల్లిలా ఆడిస్తూ కీచురాయి మీద గురి చూస్తోంది. దూకింది, పట్టింది, నమిలింది. ఆ దవడతోనే. లైటు వేయకుండా మెట్టు మీదే కూర్చుండిపోయాను.

ఇంకో ముచ్చట చెప్పి అసలు సంగతికి వస్తాను. దీనికి రెప్పలు ఉన్నాయి. మన గోడ బల్లికి రెప్పలు ఉండవు, నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. ఇది మాత్రం మెల్లగా కన్ను మూసి తెరుస్తుంది. దీని శాస్త్రీయ నామంలో మొదటి మాటకు అర్థం కూడా నిజమైన రెప్ప అనేనట. కాళ్లకి అంటుకునే మెత్తలు లేవు, అందుకని గోడ ఎక్కలేదు, మీద పడే ప్రశ్నే లేదు, పంచాంగం తీయక్కర్లేదు. 1854లో కలకత్తాలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ అనే జంతుశాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించి పేరు పెట్టారు, ఆ బల్లి దొరికింది పంజాబు ఉప్పు కొండల్లో, ఇప్పుడవి పాకిస్తాన్‌లో ఉన్నాయి. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతం దీని పుట్టిళ్లు. అమెరికా బల్లి అనుకున్నాను, తీరా చూస్తే నాలాగే అటు నుంచి వచ్చిందే.

మీ కథనంలో చేతులు కడుక్కోవాలన్న మాట కూడా లేదు. బల్లులు, తాబేళ్లు పైకి శుభ్రంగా కనిపించినా వాటి ఒంట్లో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు, ఐదేళ్ల లోపు పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దని ఇక్కడి ఆరోగ్యశాఖవాళ్లు చెబుతారు. పిల్లలకు జబ్బు చేస్తోందని 4 అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. మేము దాని గిన్నెలు వంటింటి సింకులో కడగం, వంటకి త్రాసు వేరే కొన్నాం (పాత త్రాసు దానికే ఇచ్చేశాం లెండి). అదే చేత్తో ఇంకోటి, బల్లి పడిన కూర తిని అస్వస్థత అని మీ పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా విషపు బల్లి అని రాస్తారు. మన ఇళ్ల బల్లికి విషం లేదండీ. ఆ కూర పారేయాల్సిందే, కానీ అందుకు కారణం విషం కాదు, దాని ఒంటి మీద, పెంటలో ఉండే ఈ క్రిములు. విషం అని రాస్తే జనం చీపురు తీస్తారు, క్రిమి అని రాస్తే మూత పెడతారు.

నేను అడిగేది బల్లులు పెంచొద్దని రాయమని కాదు. ఇది సరిగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతికే ప్రాణి, ఇప్పుడు మూడో తరగతి చదివే పిల్లవాడికి కొనిస్తే వాడి పెళ్లి నాటికీ ఉంటుంది, ఆ లెక్క కొనేముందు చెప్పండి. కొనే ముందు ఊళ్లో దాన్ని చూడగలిగే డాక్టరు ఉన్నారా అని అడగమనండి, మా తెనాలిలో పశువుల ఆసుపత్రికి దీన్ని పట్టుకెళితే గేదెల వరసలో నిలబెడతారు. ఇది మన దేశపు అడవి జాతి కూడా గనక పెంచడానికి అనుమతి సంగతేమిటో అటవీశాఖని అడిగి తెలుసుకోమనండి. ఆ ఇసుక ఫోటోకి సవరణ వేయండి. వీలైతే మీ కథనం రాసినవారి చేత జంతువుల డాక్టరు ఒకరిని అడిగించి అదే చోట, అంతే పెద్దగా వేయించండి, లోపలి పేజీ మూలన రెండు లైన్లు కాదు.

ఉత్తరం చాలా పొడుగైంది, కత్తిరించక తప్పదని తెలుసు. కత్తిరించాల్సి వస్తే మా అల్లుడి కారు సంగతి తీసేయండి, డిగ్రీల సంగతి ఉంచండి. వచ్చే వారం నా తిరుగు ప్రయాణం. నోటుపుస్తకం మనవడికి అప్పజెప్పాను, ప్రతి ఆదివారం తూకం వేసి వాట్సాప్‌లో నాకు పంపాలి, అంకె తెలుగులో పలికి పంపాలి అని ఒప్పందం. నిన్న వాడే వేశాడు. నలభై తొమ్మిది గ్రాములు, అమ్మమ్మా.

ఇట్లు
మీ పాఠకురాలు, తెనాలి
(ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సాస్)